మైపాడు దారిలో... అయిదు ఇంటిపేర్ల దొర!

నెల్లూరు నుంచి మైపాడు బీచ్ దాదాపు పాతిక కిలోమీటర్లు. వరిపొలాలు, రొయ్యల చెరువులు దాటాక సముద్రం కన్నా ముందు ఓ కాలువ పలకరిస్తుంది. పేరు బకింగ్‌హామ్. ఎవరో తెల్లదొర ఇంటిపేరై ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఇంటిపేరు కాదు, బిరుదు. అసలు ఇంటిపేరు పలకాలంటే నోరు తిరగదు... టెంపుల్-నుజెంట్-బ్రిడ్జెస్-చాండోస్-గ్రెన్విల్!

1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హామ్ మూడో డ్యూక్ రిచర్డ్‌దే ఈ చాంతాడంత ఇంటిపేరు. ఇందులో సొంత వంశానిది చివరి ముక్క, గ్రెన్విల్ ఒక్కటే. మిగతావన్నీ కోడళ్ల పుట్టిళ్ల నుంచి వచ్చినవి.

పెళ్లయితే ఆడపిల్ల ఇంటిపేరు మారడం మనలాగే ఇంగ్లండులోనూ మామూలే. కానీ మగ వారసుడు లేని ఇంటి ఆస్తి ఆడపిల్ల వెంట వస్తే, ఆ ఇంటిపేరునీ అత్తింటివాళ్లు రాజు అనుమతితో తగిలించుకునేవారు. 1710లో హెస్టర్ టెంపుల్ గ్రెన్విల్ ఇంట అడుగుపెట్టింది. ఆ వరసన స్టో ఎస్టేటు, టెంపుల్ పేరు కలిశాయి. మనవడి భార్య మేరీ వల్ల 1779లో నుజెంట్ చేరింది. చాండోస్ డ్యూక్ ఒక్కగానొక్క కూతురు ఆనా ఎలైజా కోడలయ్యాక, 1799లో బ్రిడ్జెస్, చాండోస్ జతపడ్డాయి.

పేర్లతోపాటు అప్పులూ పెరిగాయి. రెండో డ్యూక్ దివాలా తీయడంతో 1848లో స్టో భవనంలోని సామాను నలభై రోజులు వేలం వేశారు. ఆయన కొడుకే మన గవర్నరు. ఆయన వచ్చిన మరుసటి ఏడే దక్షిణాదిని మహా కరువు కమ్మేసింది. పని కోసం అల్లాడుతున్న జనంతో మద్రాసులో అడయారు, కూవం నదుల మధ్య ఎనిమిది కిలోమీటర్ల కాలువ తవ్వించారు. 1806 నుంచి ముక్కలుముక్కలుగా సాగిన ఉప్పునీటి కాలువకు అలా డ్యూక్ బిరుదే పేరైంది. పెద్దగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్ల ఈ దారిలో ఒకప్పుడు ఉప్పు, వంటచెరకు పడవల మీద మద్రాసు చేరేవి.

ఇంతకీ ఆ డ్యూక్‌కి ముగ్గురూ కూతుళ్లే. 1889లో ఆయన కన్నుమూయడంతో డ్యూక్ బిరుదు అంతరించింది. పెద్దల్లుడు మోర్గన్ మాత్రం పాత ఆనవాయితీనే పాటించి మోర్గన్-గ్రెన్విల్ అయ్యాడు. అయిదు పేర్లలో చివరిదే కొనసాగింది, అదీ కూతురి వల్లే!

పడవల సందడి ఏనాడో తగ్గిపోయినా, 2004 సునామీలో ముంచుకొచ్చిన నీటిని కొంత తనలోకి తీసుకుని తీరవాసులకు అండగా నిలిచిందీ కాలువ. మైపాడు వెళ్తే వంతెన మీద కాసేపు ఆగండి. ఆ పేరు డ్యూక్‌దే కానీ, కాలువ తవ్విన చేతులు మనవాళ్లవి.