చదువుకు కూలి

మన యిళ్లలో చదువుకొక పొలిమేర వుంది. డిగ్రీ అయిందా, ఉద్యోగం. ఎమ్మెస్సీ అయిందా, యిక తప్పనిసరిగా ఉద్యోగం. ఆ తర్వాత కూడా చదువుతానన్న పిల్లను చూసి పెద్దలు బెంగపడతారు. ఆ బెంగలో సగం ప్రేమ, సగం ఖర్చు.

నేను ఆదోనిలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. సైన్సు పిల్లలకు నేను ద్వితీయభాష మేష్టర్ని మాత్రమే. అయినా వాళ్ల తలిదండ్రులు సలహాకు నా దగ్గరికే వస్తారు. మాట అర్థమయ్యేలా చెప్పేవాడు వీడొక్కడే అనుకుంటారు కాబోలు!

ఆ మధ్య ఎమ్మిగనూరు నుంచి నేతపని చేసే ఒక పెద్దమనిషి వచ్చాడు. కూతురు ఎమ్మెస్సీ చేసి, సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్షలో ఫెలోషిప్పు తెచ్చుకుంది. బెంగుళూరులో పరిశోధనకు చోటు దొరికింది. అదే వారం బ్యాంకు గుమాస్తా ఉద్యోగానికీ కాగితం వచ్చింది.

"ఇంగా అయిదేండ్లు సదువంట సార్! దుడ్లు యాడ తెచ్చేది?"

"మీరు తేవద్దన్నా, వాళ్లే యిస్తారు."

2023 జనవరి నుంచి అమలైన లెక్క చెప్పాను: మొదటి రెండేళ్లు నెలకు 37,000, పని తృప్తికరంగా వుంటే తర్వాత మూడేళ్లు 42,000. హాస్టలు లేకపోతే యింటి అద్దె భత్యం వేరే. ఇంజనీరింగు పిల్లలకు గేట్ పరీక్ష మీద యిలాంటి దారే వుంది.

ఆయన నమ్మలేదు. సదువుకుంటే కూలి యెవరిస్తారని నవ్వాడు.

"మాచాని సోమప్పగారు 1938లో మీ వూళ్లో నేతగాళ్ల సంఘం పెట్టారు గదా! సంఘంలో నూలు వాళ్లది, నేత మీది, కూలి మీకు. యిదీ అంతే. ప్రయోగశాల వాళ్లది, పని మీ అమ్మాయిది."

ఆయన క్షణం ఆలోచించాడు. "మరి బట్ట యెవరిది సార్?"

"బట్ట లోకానిది. అంచు మీద పేరు మీ అమ్మాయిది."

కష్టాలూ దాచలేదు. ఫెలోషిప్పు డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది. మొదట్లో మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో వుండాలి. గైడు మంచివాడైతే సగం పని అయినట్టే, కాకపోతే అయిదేళ్లూ బరువే. డాక్టరేటు రాగానే ఉద్యోగం గుమ్మంలో నిలబడదు. బ్యాంకు జీతం మాత్రం మొదటి నెల నుంచే ఖాయం.

అమ్మాయిని అడిగాను, ఏం పరిశోధన చేస్తావని. పత్తిని తినే గులాబి రంగు పురుగు మీద అంది. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. కొన్నేళ్లకు ఆ పురుగు దాని విషాన్ని తట్టుకోవడం నేర్చింది. ఎలా నేర్చిందో తెలుసుకుంటానంది. పత్తి మార్కెట్టుకు పేరుబడ్డ ఆదోనిలో చదివిన పిల్లకు యింతకన్న దగ్గరి సంగతి యేముంటుంది?

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "మగ్గం మీద సీరలు దిగితే నాలుగు నెలల కర్చు నేను సూసుకుంటా" అన్నాడు.

ఆ జులైలో ఆమె బెంగుళూరు రైలెక్కింది. ఫలితం ఏమవుతుందో యిప్పుడే ఎవరం చెప్పగలం? కాని మీ యింట్లో కూడా అలాంటి పిల్ల వుంటే, "యింకా ఎన్నేళ్లు?" అని అడిగేముందు, "ఏం తెలుసుకోవాలని, తల్లీ?" అని ఒక్కసారి అడిగి చూడండి.