పారిస్‌లో ఒక కుశల ప్రశ్న

పారిస్ పెద్ద మస్జిదులో మేము జొహర్ నమాజు చేసుకున్నాము. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ పక్షాన అసువులు బాసిన ముస్లిం సైనికుల స్మృత్యర్థం నిర్మించి, 1926లో ప్రారంభించిన మస్జిదు అది. దాని మీనారు ఎత్తు 33 మీటర్లు.

నమాజు ముగిశాక పక్కనున్న అల్జీరియా వృద్ధునికి సలాం చేసి, "త్యూ వా బియాఁ?" అని కుశలమడిగాము. మనవలు తమ స్నేహితులను పలకరిస్తుండగా విని నేర్చుకున్న మాట అది. మా అబ్బాయి ముఖం ఎర్రబడింది. "అలా అనకూడదు. పెద్దలను 'కొమాఁ తాలే వూ?' అనాలి" అని చెవిలో చెప్పాడు. 'త్యూ' అంటే నువ్వు, 'వూ' అంటే మీరు. తెలిసీ తెలియక తండ్రి వయసువారిని "బాగున్నావా?" అన్నామన్నమాట! సిగ్గుపడి, సరిదిద్దుకొని, మళ్ళీ అడిగాము.

ఆయన నవ్వి, "అల్‌హమ్దులిల్లాహ్" అన్నారు. అరబీలో పెద్దకూ పిన్నకూ ఒకటే మాట కనుక తమకు పట్టింపు లేదన్నారు. మాది హైదరాబాదు అని తెలియగానే "హమీదుల్లాహ్!" అన్నారు. 1908లో హైదరాబాదులో జన్మించి, పారిస్‌లో దశాబ్దాలు గడిపిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ 1959లో దివ్యఖుర్ఆన్ ఫ్రెంచి అనువాదాన్ని వెలువరించారు. దానిలోని ఫాతిహా సూరాలో అల్లాహ్‌ను వేడుకునేది 'వూ'తో కాదు, 'త్యూ'తోనే. ఆలోచిస్తే మన తెలుగులోనూ అంతే. ఆ ప్రభువును 'నీవు' అనే పిలుస్తాము.

ఆ తరువాత ఆయన మా ఇంటిల్లిపాది క్షేమం పేరుపేరునా అడిగి, ప్రతి జవాబూ పూర్తయ్యేదాకా ఆగి విన్నారు. వీడ్కోలు చెబుతూ, తన కుమారుని వయసున్న మా అబ్బాయిని సైతం 'వూ' అనే సంబోధించారు.