అర శాతం తక్కువ (9వ భాగం)



ఈ వారం తుపాకుల ఫ్యాక్టరీల మీద రాస్తానంటే ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లోకి వచ్చి "మనకెందుకన్నా ఆ ముచ్చట" అన్నాడు. మనకే కావాలె తమ్ముడూ.

ఉత్తరప్రదేశ్‌లో అమేఠీ దగ్గర కోర్వా. అక్కడ ఇండో-రష్యన్ రైఫిల్స్ ప్రైవేట్ లిమిటెడ్ అనే కంపెనీ ఏకే-203 రైఫిళ్లు చేస్తది. 2019లో పెట్టిన్రు. 2021 డిసెంబర్‌లో 6 లక్షలకు పైగా రైఫిళ్లకు ఒప్పందమైంది. వాటాలు చూడండి: మన సర్కారు కంపెనీలది 50.5 శాతం, రష్యా వాళ్లది 49.5.

కంపెనీల చట్టం 2013, సెక్షన్ 2(45) తీసి చదవండి. ప్రభుత్వ కంపెనీ అనిపించుకోవాలంటే సర్కారు వాటా 51 శాతానికి తగ్గొద్దు. ఇక్కడ అర శాతం తక్కువ! బ్రహ్మోస్ క్షిపణుల కంపెనీలో కూడా ఇదే లెక్క, 50.5కి 49.5. ప్రైవేటు కంపెనీ లాగా చకచకా నడవడానికి అట్ల పెట్టుకున్నమని చెప్తరు. రిజర్వేషన్ ఎగ్గొట్టడానికే పెట్టిన్రని నేనంటలేను. సర్కారు ఫైళ్ల జాప్యం నిజమే. కానీ ఆ ఫైళ్లతో పాటు రోస్టర్ కూడా గేటు బయటనే ఆగిపోతే అడిగేటోడెవడు?

విదేశీ ఆయుధం అంటే ఇట్లనే ఉండాలనేం లేదు. మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీనే చూడండి. 1984లో పెట్టిన్రు. అక్కడ తయారైన సైన్యం బండ్లు, బీఎంపీ-2 'శరత్', సోవియట్ డిజైన్‌వే. లైసెన్స్ తెచ్చుకున్నరు, ఫ్యాక్టరీ మాత్రం నిండా సర్కారుది. అందుకే ఎస్సీ రోస్టర్‌లో మా చిన్నాయనకు ఐటీఐ ఫిట్టర్‌గా కొలువొచ్చింది. ఊర్లో మోట కొట్టిన తాత కొడుకు క్వార్టర్‌లో ఉన్నడు. మా ఇంట్ల మొదటి పెన్షన్ ఆయనదే. నేను డిగ్రీ దాకా చదివింది ఆ జీతంతోనే.

2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి 7 కంపెనీలు చేసిన్రు. అంతకు ముందు ఏడాదే రక్షణ రంగంలో విదేశీ పెట్టుబడి ఆటోమేటిక్ రూట్లో 74 శాతానికి పోయింది. గ్వాలియర్ దగ్గర మాలన్‌పూర్‌లో ఇజ్రాయెల్ వాళ్లది తక్కువ వాటా, అదానీది ఎక్కువ. మన హైదరాబాద్‌లో మేఘా గ్రూపు ఐకామ్, యూఏఈ కంపెనీ కారకల్‌తో కలిసి 2024లో తుపాకుల ప్లాంట్ తెరిచింది. ఇసువంటి గేట్ల లోపలికి 16(4) రాదు.

1890లలో బ్రిటిష్‌వాళ్లు మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేసిన్రు. 1941లో మహర్ రెజిమెంట్ మళ్లీ లేచేదాకా బాబాసాహెబ్ ఊరుకోలే. అప్పుడు తుపాకి పట్టే కొలువు, ఇప్పుడు తుపాకి చేసే కొలువు.

కోర్వా రైఫిళ్లు కొనేది మన సైన్యం, పైసలు మన పన్నులు. ఎంత టెక్నాలజీ ఇవ్వాలె, ఎన్ని విడిభాగాలు ఇక్కడ చెయ్యాలె అని ఒప్పందంలో రాసుకుంటున్నరు కదా. కొలువుల వాటా మీద ఒక్క లైను రాయడానికేం అడ్డం?

మీ ఇండ్లల్ల ఐటీఐ పిల్లలు ఇసువంటి కంపెనీలల్ల చేస్తుంటే కామెంట్‌లో రాయండి: ఏ ట్రేడు, పర్మనెంటా, కాంట్రాక్టా? పేరొద్దు, ఊరొద్దు. వాటిని పట్టుకునే ఆర్టీఐ వేస్త.

(ఇంకా ఉంది)