వంద సరిపోదా, మూడొందలు కావాలా?

పోయిన నెల మా ఇంటర్నెట్ వాళ్ళ అబ్బాయి ఫోన్ చేశాడు. "సార్, మీది వంద ఎంబీపీఎస్ ప్లాన్ కదా, నెలకి ఇంకో మూడొందలు కడితే మూడొందల స్పీడు ఇస్తాం" అని. ఆ పైన 18 శాతం జీఎస్టీ ఎలాగూ తప్పదు లెండి. వెంటనే సరే అనబోయాను.

కారణం ఉంది. రాత్రి తొమ్మిదికి అమెరికా వాళ్ళతో నాకు కాల్. అదే టైముకి వెనకగదిలో నాన్న, తెనాలిలో ఉన్న మా మేనత్తతో వీడియోలో మాట్లాడతారు. అమ్మ పోయాక ఆయనకి అదొక్కటే కాలక్షేపం. ఓ రోజు రిలీజ్ కాల్లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోందన్నారు. ఆ విసుగులో "నాన్నా, కాసేపు ఆ ఫోన్ ఆపుతారా" అని అరిచాను. మర్నాటి నుంచి ఆయన కాల్ చెయ్యడం మానేశారు. అడిగితే "మీ అత్త పడుకుని ఉంటుందిరా" అన్నారు. అత్తయ్య పదకొండు దాకా సీరియళ్ళు చూస్తుందని ఇంటిల్లిపాదికీ తెలుసు.

డబ్బు కట్టి పాపం కడుక్కుందామనుకున్నా. కానీ ఆఫీసులో 'రూట్ కాజ్ ఏంటి' అని జూనియర్ల ప్రాణం తీసేవాణ్ణి, ఇంట్లో ఒక్కసారైనా లెక్క చూడొద్దూ?

4కే సినిమాకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్. జూమ్ వీడియో కాల్ మంచి క్వాలిటీలో అయినా నాలుగు దాటదు. మా ఆవిడ సినిమా, నా కాల్, నాన్న కాల్ అన్నీ కలిపినా పాతిక లోపే. 2004 పాలసీలో 256 కేబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు, 2023లో దాన్ని 2 ఎంబీపీఎస్ చేశారు. మేం వంద పెట్టుకుని ఏడుస్తున్నాం :)

రూటర్‌కి కేబుల్ పెట్టి చూస్తే 94. వెనకగదిలో వైఫై మీద 6. అక్కణ్ణుంచి మా రూటర్‌నే పింగ్ చేశా. ఓసారి 3 మిల్లీసెకన్లు, ఓసారి 400, ఓసారి జవాబే లేదు. అంటే గొడవంతా ఇంట్లోనే! రూటరేమో హాల్లో టీవీ వెనక, మధ్యలో రెండు గోడలు. వైఫైలో ఒక ఛానల్ మీద ఒకసారికి ఒకళ్ళే మాట్లాడాలి. సిగ్నల్ అందక నత్తనడక నడిచే ఫోను మిగతావాళ్ళ టైమూ తినేస్తుంది. కాబట్టి నా కాల్ చెడింది నాన్న ఫోన్ వల్లే కావచ్చు, కానీ తప్పు గోడలది. పైగా ఆ 94 చూడగానే ఇంకోటి అర్థమైంది. మా రూటర్ పోర్టే వంద ఎంబీపీఎస్‌ది. మూడొందలు కొన్నా ఆ కేబుల్లో వచ్చేది అంతే.

అప్‌గ్రేడ్ వద్దన్నాను. ఆరొందలు పెట్టి కేబుల్ కొని, అటక మీది పాత రూటర్‌ని వెనకగదిలో యాక్సెస్ పాయింట్‌గా పెట్టా. ఛానల్ కూడా వేరేది ఇచ్చా. స్టూలు పట్టుకున్నది నాన్నే.

తొమ్మిదికి నా గది గుమ్మం దగ్గరకొచ్చి "ఇప్పుడు చేసుకోవచ్చా?" అని అడిగారు. నా దగ్గర మాట లేదు. ఆయన ఫోన్ తీసుకుని నేనే కలిపాను.

"ఏరా తమ్ముడూ, బతికే ఉన్నావా?" అంది అత్తయ్య.

ఆ రోజు నా కాల్‌కి నాలుగు నిమిషాలు లేటయ్యాను.