భీమవరం గింజ.. నిజాంపేట డాబా

లింగంపల్లిలో రాత్రి నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే, మెలకువ వచ్చేసరికి కిటికీకి రెండువైపులా నీళ్లే. ఆకివీడు నుంచి భీమవరం దాకా అంతే. ఏరియేటర్లు గిరగిరా తిరుగుతూ నురగ చిమ్ముతుంటాయి. రీల్ తీసి పెడితే కేరళ అనుకుంటారు. అవన్నీ చేపల, రొయ్యల చెరువులు. నా చిన్నప్పుడు మా అమ్మమ్మ పెరటి గోడ అవతల వరి చేను ఉండేది. ఇప్పుడు రొయ్యల చెరువు ఉంది.

ఆ ఊరికి ఏడాదికి రెండుసార్లు వెళ్తాను, దసరాకి ఒకసారి, పెద్ద పండక్కి ఒకసారి. దసరా వెళ్లగానే అమ్మమ్మ గుమ్మడి గింజ పెడుతుంది. ధనుర్మాసానికి పూలొస్తాయి. గొబ్బెమ్మల మీద పెట్టడానికి పొద్దున్నే ఆ పూలు కోసే పని నాదే. "కింద పిందె ఉన్నది ముట్టుకోకే, సన్న కాడ పువ్వులే కొయ్యి" అని అరుగు మీంచి కేకేసేది. ఆడ పువ్వుకీ మగ పువ్వుకీ తేడా నాకు బోటనీ క్లాసు కంటే ముందే తెలుసు.

గత మూడేళ్లుగా ఆ పాదుకి ఒక్క కాయా నిలవలేదు. ఆకుల అంచులు మాడిపోవడం, పిందెలు పండుబారి రాలిపోవడం. ఊళ్లో కొందరు పురుగన్నారు, కొందరు దిష్టన్నారు. రెండు రకాల మందులు కొట్టించినా ఫలితం లేదు. ఆఫీసులో నిన్నటిదాకా నడిచిన కోడ్ ఇవాళ ఆగిపోతే మేం మొదట అడిగే ప్రశ్న ఒకటే: మధ్యలో ఏం మారింది? గింజ అదే, చోటు అదే, పెట్టే చెయ్యీ అదే. మారింది నీళ్లు. ఒకప్పుడు కాలవ నుంచి బిందెలతో తెచ్చి పోసేవాళ్లు. మోకాళ్ల నొప్పులు వచ్చాక బోరు మోటారు వేస్తోంది. ఆన్‌లైన్‌లో కొన్న చిన్న టీడీఎస్ మీటర్ పట్టుకెళ్లి ముంచి చూశా. కాలవ నీళ్లు 210 చూపించాయి. బోరు నీళ్లు 2,400.

సముద్రానికి దగ్గరి డెల్టా కాబట్టి భూమిలో నీరు అసలే కాస్త ఉప్పగా ఉంటుంది. దానికి చెరువు ఊట తోడైంది. మట్టిలో ఉప్పు పెరిగితే పక్కన ఎంత నీరున్నా వేరు పీల్చుకోలేదు. ముందు మాడేది ఆకు అంచే. దీనికి సీసాలో దొరికే మందేమీ లేదు. గోడకి దూరంగా రెండడుగుల ఎత్తున మడి కట్టించాం. కాలవ గట్టు మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపాం. పైన వరిగడ్డి పరిచాం, ఎండకి నీరు ఆవిరైనప్పుడు ఉప్పు పైకి తేలకుండా. రోజూ నాలుగు బిందెల కాలవ నీళ్లు పోయడానికి పక్కింటి కుర్రాణ్ని మాట్లాడాం. ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు కాబట్టి, అప్పటికి పంట చేతికి రావాలంటే దసరా దాటాక ఆలస్యం చేయకుండా గింజ పెట్టాల్సిందే.

అసలు భయం గింజల గురించి. ముక్క వండితే తేనెలా ఉండే ఆ గుమ్మడి ఏ ప్యాకెట్‌లోనూ దొరకదు. బూడిద కలిపి గుడ్డలో మూట కట్టిన గింజలు 22 మిగిలాయి. అవీ పాతబడుతున్నాయి. పద్నాలుగు అక్కడ పెట్టి, ఎనిమిది నేను తెచ్చుకున్నా. హైదరాబాద్‌లో నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ డాబా, ఐదంతస్తుల పైన.

ఇక్కడ నీళ్ల గొడవ లేదు. ఒక్కో మొక్కకి ఒక్కో పెద్ద డ్రమ్ము ఇచ్చా. చిన్న కుండీలో గుమ్మడి పెట్టకండి, ఆకులే తప్ప కాయ రాదు. మొలకలప్పుడు నారింజ రంగు పెంకు పురుగులు వచ్చి ఆకుల్ని జల్లెడ చేశాయి. పొద్దున్నే మందకొడిగా ఉంటాయి కాబట్టి ఏరి సబ్బు నీళ్లలో వేశా. తర్వాత మొదటి రెండు వారాలు అన్నీ మగ పూలే. కంగారు పడి ఎరువు గుమ్మరించకండి, అది గుమ్మడి తీరు. యూరియా లాంటివి ఎక్కువైతే ఇంకా ఆకుల మీదే పడుతుంది.

చివరికి ఆడ పూలొచ్చాయి. పిందెలు నిమ్మకాయంత అయ్యాక పసుపెక్కి రాలాయి, అచ్చం ఊళ్లో లాగే. మీటర్ పెడితే నీళ్లు బాగానే ఉన్నాయి. రెండు రోజులు పొద్దున్నే డాబా మీద కూర్చుని చూశా. పావురాలు వచ్చాయి, ఒక్క తేనెటీగ రాలేదు. చుట్టూ కాంక్రీటే, ఇంకే పూలూ లేని చోట అంత ఎత్తుకి ఎందుకొస్తుంది?

అందుకే ఆ పని మనమే చేయాలి. పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని, ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. ఎనిమిదిలోపు అప్పుడే విచ్చిన మగ పువ్వు కోసి, రేకలు తీసేసి, మధ్యలో పుప్పొడి ఉన్న కాడని ఆడ పువ్వు లోపలి ముద్ద మీద మెల్లగా అద్దాలి. ఒక్కో ఆడ పువ్వుకి రెండు మగ పూలు వాడితే మంచిది. తర్వాత పువ్వు మూతి దారంతో కట్టేస్తా. వేరే రకం పుప్పొడి అంటకపోతేనే గింజ మన రకంగా ఉంటుంది. ఆ లెక్కన తేనెటీగలు రాకపోవడం నాకు కొంత లాభమే! తొమ్మిదిన్నర మీటింగ్‌లో కెమెరా ఆన్ చేస్తే ముక్కు మీద పసుపు. టీంలో అందరికీ ఇప్పుడు గుమ్మడి సంగతులన్నీ తెలుసు.

పిందె నిలిచాక పండు ఈగ మొదలైంది. లేత పిందెకి గుచ్చి గుడ్లు పెడుతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపలంతా పురుగులు. అలాంటిది ఒకటి దొరికితే కవర్లో మూటకట్టి పారేశా, మట్టిలో వేస్తే పురుగు అక్కడే ఈగవుతుంది. మిగతా పిందెలకి పల్చటి గుడ్డ సంచులు తొడిగా. డిసెంబరు చలికి ఆకుల మీద తెల్లటి పొడి, అంటే బూడిద తెగులు వచ్చింది. కింది ముదురాకులు కోసేసి, తొమ్మిది పాళ్ల నీళ్లలో ఒక పాలు పాలు కలిపి వారానికోసారి పిచికారీ చేస్తే ఆగింది. ఆకు పసుపు, పచ్చ మచ్చలతో ముడుచుకుపోతే మాత్రం వైరస్. మొక్క పీకేయడం తప్ప దారి లేదు. ఎనిమిదిలో ఒకటి అలా పోయింది.

డాబా మీద ఇప్పుడు మూడు కాయలున్నాయి, పాత చున్నీలతో కట్టిన ఉయ్యాలల్లో. ఊళ్లో ఎత్తు మడి మీద రెండు నిలిచాయి. ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే అమ్మమ్మ వీడియో కాల్ చేసింది.

"గోరు పెట్టి చూడవే, దిగుతోందా?"

"దిగట్లేదు అమ్మమ్మా."

"కాడ ఎండిందా?"

"సగం."

"ఇంకో వారం ఆగు. కోసేటప్పుడు జానెడు కాడ ఉంచు. మొదటి కాయ గింజలు నాకు పంపు, ముక్కలు నువ్వు దప్పళం పెట్టుకో."