బ్రిగమ్ యంగ్ గొంతు
బ్రిగమ్ యంగ్ మోర్మన్ మతస్థుల నాయకుడు కాకముందు వడ్రంగి, కిటికీలకు అద్దాలు బిగించే పనివాడు. బడి చదువు దాదాపు లేదు. సాల్ట్ లేక్ సిటీలో కాగితం లేకుండా ప్రసంగానికి నిలబడి, మోక్షం గురించి మొదలుపెట్టి కంచెల మీదికీ సాగునీటి కాలువల మీదికీ వచ్చేసేవారు. ఎడారిలో ఊరు కట్టుకుంటున్న జనానికి అవి వేరువేరు సంగతులా? కాసేపు గద్దింపు, అంతలోనే చమత్కారం.

జార్జ్ వాట్ ఆ ప్రసంగాలను పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నారు. 1854 నుంచి లివర్‌పూల్‌లో ‘జర్నల్ ఆఫ్ డిస్కోర్సెస్’గా అచ్చయ్యాయి. ఆ షార్ట్‌హ్యాండ్‌ను ఇటీవల మళ్లీ చదివిన పరిశోధకులు, అచ్చుకు ముందు వాట్ చాలా మాటలు మార్చారని తేల్చారు. నాకది బాధగానే ఉంది. బానిసత్వాన్ని సమర్థిస్తూ యంగ్ అన్న మాటలను నేను ఎన్నటికీ ఒప్పుకోలేను. అయినా, జనం ముఖాలు చూస్తూ అక్కడికక్కడే వాక్యాన్ని మలిచిన ఆ గొంతును దిద్దుబాటు లేకుండా వినాలనే ఉంది.