హిందూరావు పేరున్న ఊళ్ళో

హిందూపురం డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పిన రోజుల్లో పాఠం ఊరి పేరుతోనే మొదలుపెట్టేదాన్ని. హిందువుల ఊరు కాబట్టి ఆ పేరనుకునేవాళ్ళు పిల్లలు. కాదు. గుత్తి సర్దారు మురారిరావు ఘోర్పడే తండ్రి హిందూరావు. ఆయన పేరుమీదే ఈ ఊరు వెలిసిందంటారు. సొమ్మిచ్చినవాళ్ళవైపు కదిలేది మురారిరావు గుర్రపుదళం. 1751లో ఆర్కాటులో చిక్కుకున్న క్లైవుకి సాయంగా వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి ఫ్రెంచివాళ్ళ పక్షాన ఉంది. చివరికి 1776లో హైదరలీ గుత్తికోట పట్టుకున్నాడు. మురారిరావు కబ్బాళదుర్గంలో బందీగా పోయాడు.

2007 సెప్టెంబరులో బాగ్దాద్ నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ కంపెనీ కాపలాదారులు 17మంది పౌరుల్ని కాల్చి చంపారు. (శిక్షపడ్డ నలుగురికీ 2020 డిసెంబరులో ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు. అది తర్వాతి మాట.) ఆ వార్త క్లాసుకి తీసుకెళ్ళి, కిరాయి సైనికుడంటే ఎవరో 1977 నాటి జెనీవా ప్రోటోకాల్ ఏం చెప్పిందో వివరించాను. స్వలాభమే వాడి ప్రేరణ అయివుండాలి, మామూలు సైనికుడికంటే బాగా ఎక్కువ సొమ్ము ముట్టాలి... పాఠం బాగా చెప్పానని నాకు నేనే మురిసిపోయాను.

క్లాసయ్యాక ధర్మవరం నుంచి వచ్చే అమ్మాయి ఆగిపోయింది.

"అట్లయితే మా నాయన ఎవురు మేడమ్?"

పెనుకొండవైపు ఒక నాయకుడి సుమోలో ముందు సీట్లో కూర్చునేవాడట. "జీతమంటూ ఏమీ లేదు. అక్క పెండ్లి వాళ్ళే చేసినారు. నాయనమ్మ ఆసుపత్రి ఖర్చు వాళ్ళదే. కేసైతే వకీలును వాళ్ళే పెట్టినారు. ఇంగ వద్దని ఎట్ల అంటాడు?" ఒకరోజు దారికాచి చంపారు. అప్పటినుంచీ తల్లి చీరల మగ్గాలకి కండెలు చుట్టి ఇల్లు నడుపుతోంది.

నేను చెప్పిన నిర్వచనం ఆ పిల్ల ముందు తేలిపోయింది. కిరాయికి వచ్చినవాడి ఆశని కొలుస్తుందే తప్ప, పెళ్ళి ఖర్చుకీ మందుల ఖర్చుకీ తాకట్టుపడ్డ మనిషి దానికి ఆనడు. కిరాయికి పెట్టుకున్నవాడి ఊసే అందులో లేదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక అతన్నీ నేరస్థుడంది. అనంతపురం జిల్లా ఫ్యాక్షన్‌కి మాత్రం ఆ మాట వినపడలేదు.

2005 జనవరి 24న పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవి అనంతపురంలో హత్యకు గురయ్యాక, ఉపఎన్నికలో అదే సీటునుంచి ఆయన భార్య సునీత గెలిచారు. అంతకుముందు ఏడాది అక్కడే ఆయన మీద పోటీ చేసింది ప్రత్యర్థి మద్దెలచెరువు సూరి భార్య భానుమతి. వాళ్ళ దుఃఖాన్ని తక్కువ చేయను. కానీ వైధవ్యంలోనూ మెట్లున్నాయి. నాయకుడి భార్యకి ఓటు అడిగే వేదికైనా దొరికింది. ముందు సీటు మనిషి భార్య పేరు ఎఫ్ఐఆర్‌లో కూడా "ఫలానావాడి భార్య" అనే ఉంటుంది.

"మురారిరావుకు ఎన్ని గుర్రాలుండె మేడమ్?"

"ఆర్కాటుకి ఆరువేలని రాశారు."

"ఆ పైన కూర్చున్నోళ్ళ ఇండ్లల్లో ఎవురు సంపాదిస్తాండ్రి?"

గుర్రాలు లెక్కపెట్టినవాళ్ళు అది రాయలేదని చెప్పాను. ఆ పిల్ల సంచీ భుజానికి తగిలించుకుంది. ధర్మవరం ప్యాసింజరుకి వేళయింది. చీకటిపడేలోగా ఇల్లు చేరితే అమ్మ చుట్టిన కండెలు షావుకారుకి ఇచ్చి రావచ్చు.